ఆటోనగర్ షెడ్డులో పాత చేతక్ రీస్టోరేషన్: పనికెన్ని మార్కులు, ఫొటోలకెన్ని

విజయవాడ ఆటోనగర్‌లో మా 1987 మోడల్ బజాజ్ చేతక్ స్కూటర్‌ని నట్టు నట్టూ విప్పించి, తుప్పు తీయించి, ఇంజిను చేయించి, రంగు వేయించాను. బండి ఇంటికొచ్చింది, రోజూ తిప్పుతున్నా. పని జరుగుతున్నన్నాళ్లూ మేస్త్రిగారు పంపిన ఫొటోలు స్టేటస్‌లో పెడుతూ వచ్చాను కదా, అప్పట్నుంచీ "ఎక్కడ చేయించావ్, ఎంతైంది, నమ్మొచ్చా" అని అడిగేవాళ్లే అడిగేవాళ్లు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నా. షెడ్డుకి బోర్డు లేదు. పేరూ నంబరూ పెట్టొద్దని మేస్త్రిగారే అన్నారు, ఒప్పుకున్న బళ్లే ఇంకా ఇవ్వలేదట. కావాలన్నవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, ఆయన్ని అడిగి చెప్తా.

ముందు మార్కులు చెప్పేస్తా. బాడీ పనికి పదికి తొమ్మిది. ఇంజినుకి ఎనిమిది. రంగుకి ఎనిమిది. చెప్పిన టైముకి ఇవ్వడంలో మూడు, అదీ మొహమాటానికి. ఫొటోలకి పదికి పది.

ఫొటోలకి మార్కులేంటి అని నవ్వకండి. ఈ పనిలో మనం డబ్బులిచ్చేది కంటికి కనిపించని దానికి. రంగు పడ్డాక లోపల ఇనుముందో సొట్టలు నింపే లప్పముందో ఎవరికీ తెలీదు, రెండు వర్షాకాలాలు పోతే గానీ బయటపడదు. అందుకే నేను ఏ షెడ్డుకెళ్లినా మెరిసే బళ్ల ఆల్బమ్ పక్కన పెట్టి, రంగుకి ముందు తీసిన ఫొటోలు చూపించమంటాను. మెరిసే ఫొటో అంటే పెళ్లిచూపులకి పంపే ఫొటో లాంటిదే, దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. పైగా ఆ మెరుపు తెప్పించడం చాలా తేలిక. బండి మీద నీళ్లు చల్లి, తడారకముందే సాయంత్రం ఎండలో క్లిక్ కొడితే ఎండిపోయి వెలిసిపోయిన రంగు కూడా అద్దంలా కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో "బిఫోర్, ఆఫ్టర్" అని పక్కపక్కన పెట్టే ఫొటోల్లో "ఆఫ్టర్" ఎప్పుడూ తడిగా ఎందుకుంటుందో ఈసారి గమనించండి. మధ్యలో జరిగిందంతా ఆ రెండు ఫొటోల సందులో పడి మాయమైపోతుంది, మన డబ్బులు పోయేదేమో సరిగ్గా ఆ మధ్యలోనే.

ఈ మేస్త్రిగారి దగ్గర ఉన్నవన్నీ ఆ మధ్యలోవే. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోను నా చేతికిచ్చి "చూసుకోండి సార్, నాకు పనుంది" అని వెళ్లిపోయారు. అన్నీ తుప్పు, చిల్లులు, కోసేసిన రేకులు, గ్రీజు మరకలు, ఒక్కటీ స్టేటస్‌లో పెట్టుకునేలా లేదు. అప్పుడే బండి ఇక్కడే ఇవ్వాలని అనుకున్నా.

చేతక్ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి, అది తెలిస్తేనే తర్వాత రాసేది అర్థమవుతుంది. (ఇప్పటి పిల్లలకి చేతక్ అంటే 2020లో వచ్చిన కరెంటు చేతకే. మా అపార్ట్‌మెంట్లో ఒక బాబు దీని ఛార్జింగ్ పోర్టు ఎక్కడుందంకుల్ అని అడిగాడు.) పాత చేతక్ 1972లో వచ్చింది, వెస్పా స్ప్రింట్ వంశం, 145.45 సీసీ టూ స్ట్రోక్ ఇంజిను, ఎడం చేతి గేర్లు, వెనక స్టెప్నీ. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన బండి అది. మోటర్‌సైకిల్‌కి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, ఆ రేకు బాడీయే ఛాసిస్. మనం కాళ్లు పెట్టుకునే ఫ్లోరు, ముందున్న లెగ్ షీల్డు, సీటు కింది భాగం, అన్నీ కలిపి ఒకే ఒక్క రేకు పెట్టె. కాబట్టి ఫ్లోరు తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన గొడవ కాదు, బండి నడుము విరగడానికి రెడీగా ఉందని అర్థం. ఆ ఫ్లోరేమో చేతక్‌లో అన్నిటికంటే ముందు పోయే చోటు. రబ్బరు మ్యాట్ కింద, అల్యూమినియం పట్టీల కింద నీళ్లు చేరి అక్కడే ఉండిపోతాయి, పైనుంచి చూస్తే మాత్రం బానే ఉంటుంది.

మా బండికీ అదే. పైన చూసి నేను "కొంచెం తుప్పుంది, అతుకేస్తే సరిపోతుంది" అనుకున్నా. మొదటి రోజు సాయంత్రం ఒక ఫొటో వచ్చింది. బండి పక్కకి పడుకోబెట్టి ఉంది, ఫ్లోరు అడుగు కనిపిస్తోంది, వెనక బ్రేక్ పెడల్ దగ్గర స్క్రూడ్రైవర్ పిడి వరకు లోపలికి దిగి ఉంది. పక్కన చాక్‌పీస్‌తో గుండ్రంగా గీత గీసి, స్టీలు స్కేలు ఆనించి పెట్టారు, తుప్పు ఎంత దూరం పోయిందో సెంటీమీటర్లతో సహా కనపడేలా. కింద ఒక్క లైను: "సార్ అతుకు కుదరదు, ఫ్లోరు మొత్తం మార్చాలి, ఆలోచించి చెప్పండి." ఆ ఫొటో చూశాక ఆలోచించడానికి ఏముంది.

ఇదే పని ఫొటో లేకుండా ఫోన్‌లో చెప్పి ఉంటే నా బుర్రలో మొదట వచ్చే అనుమానం "బిల్లు పెంచుతున్నాడు" అనేదే. అబద్ధమెందుకు, మనందరి బుద్ధీ అంతే.

తర్వాతి ఫొటో చూసి మాత్రం భయమేసింది. లెగ్ షీల్డు నుంచి సీటు కిందకి అడ్డంగా ఒక ఇనప యాంగిల్ పెట్టి బాడీకి టాకాలు వేసేశారు. నా బండికి ఈ ఇనుమేంటని వెంటనే ఫోన్ చేశా. ఆయన విసుక్కోకుండా చెప్పారు: ఫ్లోరు కోసేస్తే బండి ముందు సగం, వెనక సగం విడిపోయినట్టే, కొత్త రేకు అతికేటప్పుడు ఒక పిసరు అటూ ఇటూ జరిగినా తర్వాత బండి జన్మలో తిన్నగా పోదు, హ్యాండిల్ వదిలితే పక్కకి లాగుతుంది, అందుకని కోసేముందే ఇలా బిగించి, వెల్డింగ్ అయ్యాక యాంగిల్ పీకేసి ఆ మచ్చలు గ్రైండ్ చేస్తారట. మీరు ఎక్కడ ఫ్లోరు మార్పించినా ఈ ఫొటో అడగండి. యాంగిల్ లేకుండా కోశారంటే అక్కడితో ఆపించేయండి.

వెల్డింగ్ కరెంటుతో చేసే సీఓటూ వెల్డింగే, గ్యాస్ మంటతో చేసేది కాదు. గ్యాస్ మంటకి పల్చటి రేకు వంకర్లు పోతుంది, ఆ వంకర్లు కప్పడానికి మళ్లీ లప్పం. రంగు తీయడంలో కూడా అదే జాగ్రత్త చూశా. శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి రంగు తీయడం) చక్రాల రిమ్ములకీ, స్టాండుకీ, ఫోర్కుకీ మాత్రమే చేయించారు. డిక్కీ డోరు, ఇంజిన్ పక్క మూత, మడ్‌గార్డు లాంటి పల్చటి రేకులకి పెయింట్ రిమూవర్ పూసి, గీకి, వైర్ బ్రష్‌తో తీశారు. బ్లాస్టింగ్ ఒత్తిడికి పెద్ద రేకు ఉబ్బిపోతుంది, త్వరగా అవుతుందని అన్నీ బ్లాస్టింగ్‌కి పడేసే షెడ్లు ఉన్నాయి, వాళ్ల బళ్ల మీద వెలుతురు పడ్డప్పుడు చూడాలి.

ఇక ఈ రివ్యూలో అన్నిటికంటే పనికొచ్చే సంగతి. రంగు మొత్తం తీసేసిన వట్టి ఇనుము ఫొటోకీ, దాని మీద ప్రైమర్ (తుప్పు పట్టకుండా రంగుకి ముందు వేసే పూత) కొట్టిన ఫొటోకీ మధ్య ఎంతసేపుందో చూడండి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు ఇది, గాలిలో తేమెక్కువ, వర్షాకాలం అయితే చెప్పక్కర్లేదు, వట్టి రేకుని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి నారింజ రంగు పొడి లేస్తుంది. దాని మీదే ప్రైమర్ కొట్టేస్తే తుప్పుని లోపల దాచినట్టే, అది నిదానంగా పొంగుతుంది. మా మేస్త్రిగారు పొద్దున్న వట్టి రేకు ఫొటో పెడితే సాయంత్రానికి ఎపాక్సీ ప్రైమర్ కొట్టిన ఫొటో వచ్చేది. రెండిటిలోనూ వెనక గోడ, కింద పరిచిన పేపరు ఒకటే. ఒక రోజు వాన పడి కరెంటు పోయి కంప్రెసర్ ఆడలేదు, మర్నాడు రేకు మళ్లీ గీకుతున్న ఫొటో పెట్టారు. నేనడగలేదు. అడగకుండా పెట్టాడు చూడండి, అందుకే పదికి పది.

లప్పం వాడలేదా అంటే వాడారు, వాడకుండా ఎవరూ చేయలేరు, నలభై ఏళ్ల రేకుకి సొట్టలు ఎంత కొట్టినా కొంత మిగులుతాయి. ఎంత మందం అనేదే ప్రశ్న. దానికి చవకైన పరీక్ష ఫ్రిజ్ మీద అంటించే మ్యాగ్నెట్. బండి తీసుకునేముందు దాన్ని ఒక గుడ్డలో చుట్టి లెగ్ షీల్డు, మడ్‌గార్డు, పక్క మూతలు అన్నిటి మీదా పెట్టి చూడండి. పల్చగా పూసినచోట అతుక్కుంటుంది, ముద్దలుగా నింపినచోట జారి పడిపోతుంది. మా బండి ముందు మడ్‌గార్డు ఎడమవైపు ఒక చోట మాత్రం పట్టు బాగా తక్కువగా ఉంది. మేస్త్రిగారు "అక్కడ పాత యాక్సిడెంటుంది సార్, ఫొటో పెట్టాను కదా" అన్నారు. నిజమే, పెట్టారు.

ఫొటోలోనే కనిపెట్టే ఇంకో కిటుకు: ట్యూబ్‌లైట్. రంగు ఆరాక బండిని ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టి, పక్క మూత మీద దాని ప్రతిబింబం పడేలా ఫొటో తీయమనండి. గీత తిన్నగా వస్తే రేకు తిన్నగా ఉన్నట్టు, పాములా వంకర్లు పోతే వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) సరిగ్గా పట్టలేదన్నట్టు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోయి వస్తుంది, గీతలూ చుక్కలూ కనిపించవు, హెచ్‌డీలో పంపమని గట్టిగా చెప్పండి. మా బండికి కుడివైపు మూత మీద గీత కొద్దిగా వణికింది. దానికే రంగులో ఒక మార్కు తీసేశా. ఇంకో మార్కు ఎందుకు తీశానో కిందుంది.

రంగు సంగతికి వస్తే, నాకు రెండు రంగుల్లో, మీగడ తెలుపూ ఆకుపచ్చా వేయించాలని ఉండేది, ఇన్‌స్టాలో చూసి మనసు పారేసుకున్నా. ఆర్సీలో నీలం అని ఉంది. రంగు మారిస్తే ఆర్టీఏలో అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి, లేకపోతే రేపు రెన్యువల్‌కి వెళ్లినప్పుడు బండి చూసి తిప్పి పంపేస్తారు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు కాబట్టి పాత బండివాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. "వింటేజ్" కింద రాయించుకుందామని సలహా ఇచ్చిన మహానుభావులు కూడా ఉన్నారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అనాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం మారకూడదు, పైగా అలాంటి బండిని రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. 1972లో వచ్చిన మొదటి చేతక్‌లే మొన్నమొన్న ఆ వయసుకి చేరాయి, 1987 బండి ఇంకా చాలా దూరం. సరే, నీలమే వేయించా. మొదట చిన్న రేకు ముక్క మీద మూడు నీలాలు కొట్టి, డిక్కీ డోరు లోపల ఎండ తగలక మిగిలిపోయిన పాత రంగు పక్కన పెట్టి ఫొటో పంపారు. ఫొటోలో రంగు ఎంచుకోవద్దు, వెళ్లి పగటి వెలుతురులో కళ్లతో చూడండి. నేను వెళ్లి చూస్తే ఫొటోలో నచ్చింది కాకుండా దాని పక్కది సరిపోయింది.

ఇంజిను గురించి తక్కువ చెప్తా, ఎందుకంటే ఆ పని తెలిసిన మెకానిక్‌లు ఇంకా మన దగ్గర చాలామంది ఉన్నారు. బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేశారు, క్రాంక్ ప్రెస్ చేయించి కనెక్టింగ్ రాడ్ కిట్ మార్చారు, ఆయిల్ సీల్స్, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లన్నీ కొత్తవి. విప్పిన సామానంతా పేపరు మీద వరసగా పేర్చి, పక్కన చాక్‌పీస్‌తో పేర్లు రాసి, పాతదీ కొత్తదీ కలిపి ఒకే ఫొటోలో పెట్టారు. పాత సామాను గోనెసంచిలో వేసి ఇంటికిచ్చారు కూడా. కిక్కు కొట్టేముందు బండిని పక్కకి వంచే అలవాటు మా నాన్నది, నేను అలాగే వంచితే మేస్త్రిగారు నవ్వారు, "ఇప్పుడు అక్కర్లేదు సార్, ఊరికే కొట్టండి" అన్నారు. రెండో కిక్కుకి స్టార్టయింది. మార్కులు తగ్గించింది ఎందుకంటే మూడో గేరులో నలభై దాటాక ఫ్లోరులో సన్నటి గడగడ వస్తోంది, రెండుసార్లు చూపించినా పూర్తిగా పోలేదు.

పెట్రోల్లో లీటరుకి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకి పెట్రోల్లోనే కలిపే ఆయిల్) కలపమని రాసిచ్చారు. ఇదివరకు బంకుల్లో చిన్న మెషీను ఉండేది, వాడే కలిపి కొట్టేవాడు, ఇప్పుడు డిక్కీలో సీసా, కొలత గ్లాసు పెట్టుకుని తిరగాలి. బంకులో కుర్రాడు నన్ను వింతగా చూస్తాడు, చూడనీ.

స్పేర్ పార్టులు నిజంగా తలనొప్పి. కంపెనీ పెట్రోల్ స్కూటర్లు ఆపేసి ఏళ్లయింది, ఇప్పుడు దొరికేవి చాలావరకు బయట తయారైన నకళ్లు. రబ్బరు బీడింగులు పెట్టిన కొన్నాళ్లకే పగుళ్లిస్తాయి, మోనోగ్రామ్ అక్షరాల మీద పూత గోటితో గీకితే వస్తుంది. హార్న్ మూత ఒకటి మరీ సన్నగా ఉండి బోల్టులే కలవలేదు. అసలు కంపెనీ పాత స్టాకు కావాలంటే హైదరాబాద్ కోఠి పక్కన పుత్లీబౌలిలో, ఢిల్లీ కరోల్ బాగ్‌లో తెలిసినవాళ్ల ద్వారా వెతకాలి. నేను పుత్లీబౌలిలో ఒక కొట్లో దుమ్ము పట్టిన డబ్బాలో స్పీడోమీటర్ గ్లాసు రింగు సంపాదించా, ధర మాత్రం కొత్త ఫోను కవరు కొన్నంత తేలిగ్గా లేదు. మేస్త్రిగారు ఈ విషయంలో దాపరికం లేకుండా "ఇది నకలు, ఇది అసలు, మీ ఇష్టం" అని రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో పంపేవారు. నకలు చాలన్నచోట నకలే వేశారు, బిల్లులోనూ నకలు రేటే.

ఇప్పుడు తిట్లు. రెండు నెలలన్నారు, అయిదు దాటింది. అందులో పెద్ద ముక్క నికెల్, క్రోమ్ పూతది. అది వాళ్లు చేయరు, బయటికి పంపుతారు, ఆ బయటివాడు బంపర్ గార్డు, బ్రేక్, క్లచ్ లివర్లు పట్టుకుని మాయమైపోయాడు, "రేపు సార్" అనే మాట విని విని నాకు టెన్షన్ వచ్చేసింది. తిరిగొచ్చినవాటిలో ఒక లివర్ మీద పూత అప్పుడే బుడగలు. ఇంకో కంప్లయింట్: పని ఆగితే ఫొటోలు కూడా ఆగుతాయి. రోజూ మూడు నాలుగు ఫొటోలు వచ్చిన గ్రూపులో ఒక్కసారిగా వారాల తరబడి నిశ్శబ్దం. పని జరగట్లేదని ఒక మెసేజ్ పెడితే ఏం పోయిందండీ, జరగనప్పుడు కూడా చెప్పాలి కదా.

మూడోది వాళ్లబ్బాయి చేసిన పని. బండి రెడీ అవగానే నాకు చెప్పకుండా రీల్ చేసి పెట్టేశాడు, వెనక మాస్ పాట, పైన ఏదో ఫిల్టరు, మా ముదురు నీలం కాస్తా నెమలి నీలం అయిపోయింది. నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తోంది. డల్లాస్ నుంచి మా పెదనాన్నగారబ్బాయి ఫోన్ చేసి "రంగు మార్చేశావేంట్రా" అని మొదలెట్టాడు. ఫోన్ చేస్తే వెంటనే తీసేసి, ప్లేటు మీద మసక చేసి మళ్లీ పెట్టారు, గొడవేం లేదు. కానీ బండి అప్పగించే రోజే చెప్పేయండి, ఫొటోలు ఎక్కడ పెట్టొచ్చు, ప్లేటు కనపడొచ్చా లేదా అని. రంగులో రెండో మార్కు ఎందుకు తీశానంటే, ఆ రీల్ తొందరలో క్లియర్ కోటు (రంగు మీద మెరుపుకి వేసే పారదర్శక పూత) పూర్తిగా గట్టిపడకముందే బండి కదిలించారు, సీటు అంచు ఆనుకున్నచోట సన్నగా అచ్చు పడింది. పాలిష్ కొట్టి చాలావరకు తీశారు, వంగి చూస్తే ఇంకా ఉంది.

ఖర్చు: అన్నీ కలిపి డెబ్బై వేల పైచిలుకు అయింది, అందులో బాడీ, రంగు కలిపి సగం కంటే ఎక్కువ. ఇంత పెట్టి పాత స్కూటరా అనేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు, అమ్మితే ఆ డబ్బులు రావు, లాభనష్టాల లెక్కతో చేసే పని కాదిది. అడ్వాన్సు మొత్తం ఒకేసారి ఇవ్వకండి, విప్పాక కొంత, ప్రైమర్ అయ్యాక కొంత, రంగయ్యాక కొంత అని ఇవ్వండి, ప్రతి విడతకీ ఫొటోలు వచ్చాకే డబ్బులు. ఈయన దానికి ఒక్క మాట అనకుండా ఒప్పుకున్నారు. ఒప్పుకోని షెడ్డు నుంచి దండం పెట్టి వచ్చేయడం మంచిది.

మళ్లీ ఇస్తానా అంటే, మా మామయ్య దగ్గర హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల పుష్పక్ స్కూటరు ఒకటి పశువుల కొట్టంలో పడి ఉంది, అడుగుతున్నా, ఆయన ఇస్తే నేరుగా ఈ షెడ్డుకే తీసుకెళ్తా. ఈసారి క్రోమ్ సామాను మాత్రం ముందే విప్పుకుని నేనే దగ్గరుండి వేయిస్తాను.